ఛోటీ నక్షాలో దరియా ఎటు పారాలి

లేని దునియాకు నక్షా గీయాలంటే ముందు ఏం గీయాలి? ఖిల్లానా, బాద్‌షా మహలా, జిన్నులుండే గుహా? మా ఆపా పిల్లలు ఈ సవాల్ నా ముందు పెట్టేనాటికి అలాంటి ఆట ఒకటుందని కూడా నాకు మాలూం లేదు. మామిడి తోటలు పూత మీద గుత్తకు పట్టే ఖాందాన్ మాది. మాకు నక్షా అంటే తహసీల్దారు ఆఫీసులో ఉండేది, లేదంటే గట్టు దగ్గర తగాదా వచ్చినప్పుడు సర్వేయర్ తెచ్చేది.

ముందు ఆట సంగతి చెప్పాలి. నలుగురైదుగురు చాప మీద కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మన పాత దాస్తాన్‌గో లాగా. మిగిలినవాళ్లలో ఒకడు సిపాయి, ఒకడు హకీం, ఒకతె దొంగ, ఒకడు సౌదాగర్. "వంతెన మీద పులి నిలబడింది, ఏం చేస్తారు?" అని కథ చెప్పేవాడు అడుగుతాడు. ఎవరి జవాబు వాళ్లు చెప్పుకోవాలి. ఆ పని కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ తరహా ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో అచ్చేశారు. మా బడా (ఆపా పెద్ద కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు) కాలేజీ దోస్తుల దగ్గర నేర్చుకొచ్చాడు. ఇరవై ముఖాల పాచిక రెడ్డిగూడెంలో ఎక్కడ దొరుకుతుంది? స్టీలు గ్లాసులో ఇరవై చీటీలు వేసి తీస్తున్నారు. పని జరుగుతోంది.

నిజానికి మనకిది పరాయి సరుకు కాదు. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 1883 నుంచి ఒక్కో జిల్దుగా వేసిన 'తిలిస్మె హోష్‌రుబా' పేరు మన పెద్దల్లో కొందరు వినే ఉంటారు. ముహమ్మద్ హుసేన్ జాహ్, ఆ తర్వాత అహ్మద్ హుసేన్ ఖమర్ రాశారు. ఆ జాదూ సల్తనత్‌కు జాగ్రఫీ ఉంది. పైకి కనిపించే జాహిర్ ఒక ముల్క్, కనిపించని బాతిన్ ఇంకో ముల్క్, చీకటి నిండిన జుల్మాత్ మరొకటి. జాహిర్‌కూ బాతిన్‌కూ మధ్య నెత్తురు పారే దరియా, దాని మీద పొగతో కట్టిన వంతెన. ఏ తిలిస్మ్‌కైనా కట్టినవాడు ఒకడుంటాడు, దానికో ఉమర్ ఉంటుంది, దాన్ని ఛేదించే తరీఖా రాసిన ఒక లౌహ్, అంటే పలక, ఎక్కడో దాచి ఉంటుంది. బడా ఇది విని, "మామూ, గేమ్ నడిపేవాడు అట్ట చాటున దాచుకునే నోట్సు ఇదే కదా!" అన్నాడు. అదే.

మన దక్కన్‌లో ఇంకా ముందే ఉంది. గోల్కొండలో ముల్లా వజ్హీ 1635లో రాసిన 'సబ్‌రస్'లో అఖ్ల్ ఒక బాద్‌షా. అతని కొడుకు దిల్. ఆ కొడుక్కి ఏలుకోమని ఇచ్చిన ముల్క్ పేరు తన్, అంటే ఈ ఒళ్లే. అవతల దీదార్ అనే షహర్‌లో హుస్న్ ఉంటుంది. మనిషి లోపలంతా పట్నాలుగా, తోటలుగా పరిచేశాడాయన. అమెరికా నుంచి వచ్చిందని మనం తెల్లమొహం వేయాల్సిన పనేం లేదని నా ఖయాల్.

కానీ ఆ దాస్తాన్లలో జాదూ ఏది చెబితే దరియా అది వింటుంది. మా ఛోటీ అందుకు ఒప్పుకోలేదు. ఎనిమిదో క్లాసు. "జాదూ ఉండనీ, జిన్ ఉండనీ. నీళ్లు మాత్రం నిజం నీళ్లలాగే పారాలి" అంది. ఎందుకందో చెప్పాలంటే ఆపా ఇంటి సంగతి చెప్పాలి.

ఆపా వాళ్లది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారేసరికి గల్లీలో నీళ్లు, కాసేపటికి గడప దాటి లోపలికి. దూలాభాయి పిల్లల్ని ఎదురింటి మేడ మీదికి ఎక్కించి, మళ్లీ దిగి కుట్టు మిషన్ కోసం వెళ్లేసరికి నడుం దాకా వచ్చేశాయి. మూడు రోజులు ఆ మేడ మీదే ఉన్నారు. తర్వాత పడవ ఎక్కి, ఆటో ఎక్కి, మా దగ్గరికి వచ్చారు. మిషన్ పోయింది, ఫ్రిజ్ పోయింది, అమ్మీ ఇచ్చిన జహేజ్ సందూక్‌లో బట్టలన్నీ బురద. బడా రూల్ బుక్కు జిరాక్సు కాపీ అట్టలా ఉబ్బిపోయింది. అందరూ సలామత్‌గా ఉన్నారు, అల్‌హందులిల్లా.

వచ్చిన వారానికి ఛోటీ అడిగింది: "మామూ, హమారే ఘర్ కే పాస్ దరియా నై థా. ఫిర్ కహాఁ సే ఆయా?"

దానికి తెలిసిన నది కృష్ణ. అది ఊరికి అవతల, బ్యారేజీ దగ్గర. ఇంటి వైపు ఉన్నదాన్ని అందరూ మురుగుకాలువ అనే అనుకున్నారు. దాని పేరు బుడమేరు.

అప్పుడు నక్షా మొదలైంది. మామిడికాయల అట్టపెట్టె విప్పి, లోపలి వైపు పరిచి, ముందు మా చుట్టూ ఉన్న అసలు నేలను గీశాం. లేనిదాన్ని గీయాలంటే ఉన్నది తెలియాలి కదా. మైలవరం వైపు, మా వైపు కొండల మీద పడే వాన వాగులై బుడమేరులో కలుస్తుంది. అది వెలగలేరు దగ్గర రెగ్యులేటర్‌కి చేరుతుంది. అక్కడి నుంచి ఒక మళ్లింపు కాలువ నీళ్లను కృష్ణలోకి పంపుతుంది. పాత దారి మాత్రం విజయవాడ పక్కనుంచి కొల్లేరుకే. ఆ రెండు రోజులూ పైన కొండల్లో వాన దంచింది, గట్లు తెగాయి. అటు కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకు ముందెన్నడూ లేనంత. నిండిన దరియా ఇంకో దరియాను లోపలికి రానివ్వదు. నీళ్లు తమ పాత రాస్తా పట్టుకున్నాయి.

ఛోటీ పెన్సిలు మా తోట దగ్గర పెట్టి, వాగు వెంబడి సింగ్‌నగర్ దాకా లాక్కుంటూ పోయింది. "తో ఏ ఆప్‌కా పానీ థా" అంది. మీ నీళ్లే అన్నమాట. నేనేం చెప్పను? మా చెట్ల మీద పడిన వాన ఆపా ఇంట్లో చేరింది, హకీకత్ అంతే.

ఆ తర్వాతే దాని సొంత దునియా. బడా అప్పటికే ఒకటి గీసి పెట్టాడు. అందులో దరియా ఒక సముద్రంలో పుట్టి, నడుమ మూడు పాయలై, రెండు కొండలెక్కి, ఇంకో సముద్రంలో దిగింది. చూడ్డానికి బహుత్ ఖూబ్‌సూరత్. తోటలో ఎర్రమట్టి కుప్ప మీద చెంబుతో నీళ్లు పోసి చూపించాను. సన్న దారలు కిందికి వస్తూ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి గానీ విడిపోవు. విడిపోయేది కిందికొచ్చి, నేల చదునై, మోసుకొచ్చిన మట్టి బరువుకు అలిసిపోయాక. మన కృష్ణ దివిసీమ దగ్గర చీలినట్టు. సరస్సులోకి ఎన్ని ఏర్లయినా రావచ్చు. బయటికి పోయే దారి మామూలుగా ఒక్కటే. కొల్లేరు చూడండి: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలువలు లోపలికి, సముద్రానికి మాత్రం ఒక్క ఉప్పుటేరు. రాసుకోండర్రా అన్నాను. ఛోటీ రాసుకుంది. బడా రబ్బరు తీసుకున్నాడు, మొహం మాడ్చుకుని.

ఇంకోటి, దరియా దగ్గరున్న సముద్రంలోకే పోవాలని లేదు. వాలు ఎటుంటే అటు. కృష్ణ పుట్టే మహాబలేశ్వర్ నుంచి అరేబియా సముద్రం 65 కిలోమీటర్లే. ఆ తల్లి మాత్రం వెనక్కి తిరిగి, 1,400 కిలోమీటర్లు నడిచి మన హంసలదీవికి వస్తుంది. ఇది విన్నాక బడా మొహం కాస్త తేటపడింది. తన దునియాలో ఒక దరియాను సముద్రం పక్కన పుట్టించి ముల్క్ అంతా తిప్పాడు. "ఏ జిద్దీ దరియా హై" అని పేరు కూడా పెట్టాడు.

గాలి ఎటు వీస్తుందో తేల్చుకుంటే సగం నక్షా దానంతట అదే గీసుకుంటుంది. సముద్రం మీంచి వచ్చే తడిగాలి కొండకు తగిలి, ఇవతల కురిసి, అవతలికి ఖాళీ చేతులతో పోతుంది. పశ్చిమ కనుమల అవతల అడవులు, ఇవతల అనంతపురం. అడవి ఎక్కడ, ఎడారి ఎక్కడ అని చిత్తం వచ్చినట్టు చల్లితే అది నక్షా కాదు, బిర్యానీ మీద జీడిపప్పు.

మట్టి సంగతి మాత్రం నా ఇలాఖా, కాబట్టి కాస్త ఎక్కువే చెప్పాను. నూజివీడు, రెడ్డిగూడెం, విస్సన్నపేట వైపు మామిడి ఎందుకు, కిందికి పోతే వరి ఎందుకు? మాది మెరక, ఎర్ర నేల, నీరు నిలవదు. మామిడికి వేళ్ల దగ్గర నీరు నిలిస్తే పనికిరాదు. సాగర్ ఎడమ కాలువ మా దగ్గరికొచ్చేసరికి చివరి ఆయకట్టు, నీళ్ల మీద భరోసా తక్కువ. కింద డెల్టాలో నల్లమట్టి, కాలువలు, వరి. ఇంకా కిందికి కొల్లేరు, చేపలు. గట్టిగా లెక్కేస్తే ఒకరోజు ప్రయాణంలో మూడు రకాల తిండి, మూడు రకాల పని, మూడు రకాల తగాదా. పిల్లల నక్షాలో అప్పటిదాకా ప్రతి ఊళ్లో తల్వార్లు చేసేవాళ్లే ఉన్నారు. ఏం తింటారు రా అంటే జవాబు లేదు.

దూరాలు కిలోమీటర్లలో వద్దు, మంజిళ్లలో పెట్టండన్నాను. ఎడ్లబండి రోజుకు ఇరవై, ఇరవై ఐదు కిలోమీటర్లు నడిస్తే ఒక మంజిల్. మంజిల్‌కొక సరాయి, సరాయి దగ్గర బావి, బావి దగ్గర నాలుగు దుకాణాలు, నూరేళ్లకు అదే ఒక పేట. ఇక్కడ ఒక మజా దొరికింది. చిన్నరసం కాయ కోసి గడ్డిలో వేస్తే వారం లోపే పండుతుంది. అంటే బండి మీద పచ్చికాయ బయల్దేరితే ఆరు మంజిళ్లు, మహా అయితే 150 కిలోమీటర్లు. అంతకు మించి ఉన్న షహర్‌లో బాద్‌షాకైనా తాజా రసం దొరకదు. అక్కడికి పోయేది తాండ్ర, ఆవకాయ మాత్రమే. బడా వెంటనే పట్టుకున్నాడు: ఆరో మంజిల్ అవతలి బాద్‌షా తన ఉమర్‌లో ఒక్కసారైనా చెట్టు పండు తినాలని ఫౌజ్ పంపుతాడు. జంగ్‌కు ఇంతకంటే మంచి కారణం నేను చరిత్ర పుస్తకాల్లో చదవలేదు.

ఊళ్ల పేర్ల దగ్గర 'డ్రాగన్‌పూర్', 'షాడోబాద్' అని వచ్చాయి. పేర్లు పొరలు పొరలుగా ఉంటాయని చెప్పాను. ఒకప్పుడు ఉత్తర సర్కారుల్లో మన కొండపల్లి సర్కారు పేరు ముస్తఫానగర్, గుంటూరు సర్కారు పేరు ముర్తజానగర్. ఆ పేర్లు కాగితాల మీదే ఉండిపోయాయి. జనం నోట్లో కొండపల్లి, గుంటూరే మిగిలాయి. ఇబ్రహీంపట్నం మాత్రం నిలబడింది. ఏ పేరు నిలుస్తుందో, ఏది పోతుందో హుకుంతో తేలదు. సరహద్దులు కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు పోయింది, మా రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. మామిడి చెట్లకు ఖబర్ లేదు. కాయను ఇప్పటికీ నూజివీడు రసం అనే అమ్ముతాం. పిల్లల నక్షాలో సరహద్దు గీతను పెన్నుతో కాకుండా పెన్సిలుతో గీయించింది అందుకే.

అట్టకు ఆవల కూర్చోవడంతో ఛోటీ గీసిన సగం తలకిందులుగా వచ్చింది. బడా నవ్వాడు. నవ్వకు, అల్ ఇద్రీసీ 1154లో సిసిలీ రాజు రోజర్ కోసం గీసిన దునియా నక్షాలో దక్షిణమే పైన ఉంది అన్నాను. ఇద్దరూ ఫోన్‌లో చూశారు. మా అమ్మీకి నక్షా ఎలా తిప్పినా ఒకటే, ముందు ఖిబ్లా ఎటో అడుగుతుంది. మనకు పడమర, కాస్త ఉత్తరానికి వాలి. అది చెబితే మిగిలిన దిక్కులు ఆమే పట్టుకుంటుంది. నక్షాల పనిలో మనవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంగ్లిష్‌వాళ్లు హిందుస్తాన్ మొత్తాన్ని త్రికోణాలుగా కొలిచిన సర్వేలో జార్జ్ ఎవరెస్ట్ దగ్గర పరికరాలు బాగుచేసినవాడు ఆర్కాట్ నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. ఎవరెస్ట్ పేరు కొండకు పెట్టారు.

బడా చెప్పిన ఇంకో సంగతి. ఆ అమెరికా ఆటలోనే 1992లో 'అల్ ఖదీమ్' అని ఒకటి వచ్చిందట, జఖారా అనే దేశం, జెఫ్ గ్రబ్ రాశాడట. చూపించాడు. మెహనత్ చేశారు, నచ్చింది కూడా. అయితే ఎక్కువ భాగం ఇసుక, ఒంటెలు, కారవాన్లు. ముసల్మాన్ కథ అంటే ఎడారే గుర్తొస్తుందేమో జనానికి. లుంగీ కట్టి, తాటిచెట్ల కింద, నోట్లో సగం తెలుగు సగం ఉర్దూతో మామిడికాయ బేరం చేసే సాయిబు ఏ నక్షాలోనూ కనబడడు. మా పిల్లల అట్టపెట్టె దునియాలో ఉన్నాడు.

అసలు గొడవ షహర్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది. బడా దరియా ఒడ్డున పెట్టాడు. ఛోటీ చెరిపేసింది, కొండ మీద పెట్టింది. వాడు మళ్లీ ఒడ్డున పెట్టాడు. అట్ట చిరిగేదాకా వచ్చింది. కొండ మీద నీళ్లెవరు మోస్తారని నేను అడిగాను. "కొండపల్లి ఖిల్లాలో పైన కోనేరు లేదా?" అంది. ఉంది. "సరే, ఖిల్లాలో బాద్‌షా, ఫౌజ్ ఉంటారు. కుట్టు మిషన్ వాళ్లు, ఆటో వాళ్లు, చేపలమ్మేవాళ్లు ఎక్కడుంటారు?" అని నేనంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొండ కింద, దరియా మలుపు దగ్గర, చిన్న చిన్న డబ్బాలు గీసింది. పక్కన రాసింది: నిచ్లీ బస్తీ. "జమీన్ సస్తా."

దూలాభాయి అప్పటిదాకా గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. సింగ్‌నగర్ ఇల్లు అమ్మేసి వచ్చేయమని అమ్మీ అంటోంది. వచ్చి ఏం చేయను, నా ఆటో స్టాండు అక్కడ, ఆపా గిరాకీ అక్కడ అని ఆయన. నెలగా ఆ మాట తెగడం లేదు. లేచి వచ్చి అట్ట ముందు కూర్చున్నాడు. ఛోటీ చేతిలో పెన్సిల్ తీసుకుని డబ్బాల మధ్య ఒక వంకర గీత గీశాడు. "మనం ప్లాటు కొన్నప్పుడు ఇక్కడ నీళ్లు నిలిచేవి బేటా. తామరాకులుండేవి. తర్వాత మట్టి పోశారు. ఇది కూడా గీయి. పాత రాస్తా గీయకపోతే నీ దరియా అబద్ధం చెప్పినట్టు." అమ్మీ కూడా ఒక మాట వేసింది: పాత మసీదు, పాత గుడి ఎక్కడున్నాయో చూడు, పెద్దలు మెరక చూసే కట్టి ఉంటారు అని. ఛోటీ నిచ్లీ బస్తీలో ఒక్క మెరక గీసి, దాని మీద మీనార్ పెట్టి, పక్కన రాసుకుంది: ఇక్కడికి ఎక్కాలి.

చలికాలంలో వాళ్లు వెనక్కి వెళ్లారు. కింద గది ఖాళీగా ఉంచి, పైన రేకుల గది వేసుకున్నారు. మిషన్ ఇప్పుడు పైనే. అప్పు తీరడానికి ఇంకా టైం పడుతుంది. నక్షా మాత్రం మా దగ్గరే వదిలి వెళ్లారు.

మొన్న వేసవి సెలవులకు వచ్చినప్పుడు తోటలో కావలి గుడిసె దగ్గర ఆట పెట్టారు. కరెంటు లేదు, చార్జింగ్ లైటు. కథ నడిపేది ఛోటీ. బడా సిపాయి, నేను మామిడి సౌదాగర్, ఆపా హకీం. దూలాభాయిని బలవంతాన కూర్చోబెట్టారు, బండివాడుగా. బడా కొండ గుహలో అజ్దహాను చంపడానికి తయారవుతున్నాడు. ఛోటీ అజ్దహా మాటే ఎత్తలేదు.

"ఎగువన మూడు మంజిళ్ల అవతల మబ్బు పట్టింది" అంది. "రాత్రంతా కురిసింది. నిచ్లీ బస్తీలో నాలుగు వందల ఇళ్లు. మీ దగ్గర ఆరు బండ్లు, పడవ లేదు. తెల్లారడానికి రెండు ఘంటలుంది. ఏం చేస్తారు?"

బడా నా మొహం చూశాడు. దూలాభాయి గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు.

"బండి కట్టి, ముందు ముసలివాళ్లను మీనార్ దగ్గరికి చేరుస్తా" అని చీటీ తీశాడు. నాలుగు.

"ఎద్దు బురదలో దిగబడింది" అంది ఛోటీ. తలెత్తకుండానే గ్లాసు ఆయన వైపు తోసింది. "ఇంకో ఎద్దుంది అబ్బా. ఫిర్ సే నికాలో."